తూము తెఱువవలసినవారు మనమే

ఇబ్రహీంపట్నము పెద్దచెరువు క్రింది రైతునకు కట్ట పక్కనే మడి యున్నను, తూము తెఱవనిదే నీరు రాదు. అద్దెయంత్రములలో తమ పని దాచుకొనుటకు క్లౌడు ఖాతా తెఱచు మన యువకుల స్థితియు నిట్టిదే. అమెజాను సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు కేంద్రమును ప్రారంభించినది. దాని భవనములు చందనవెల్లి మొదలగు చోట్ల, మన రంగారెడ్డి జిల్లాలోనే గలవు. నేల మనది, విద్యుత్తు మనది. అయినను క్రొత్త ఖాతాదారునకు ముంబయి, వర్జీనియా కేంద్రములు వెంటనే లభించును గాని, హైదరాబాదు కేంద్రము మూసియే యుండును! ఖాతా యజమాని సెట్టింగులలో దానిని స్వయముగా తెఱువవలెను. అందుకు రుసుము లేదు. ఈ సంగతి యెఱుగనివాని వ్రాతలు వర్జీనియాకు చేరిన నాశ్చర్యమేమి? దూరమున దాచుట దోషమని మేమనము. తెలియక దాచుటయే దోషము.

మఱియొక మాట. మూలఖాతాకు ఫోను ద్వారా రెండవ తాళము వేయక, వ్యయమునకు హెచ్చరిక యేర్పఱచుకొనక కార్డు సంఖ్య నిచ్చుట సాహసము. ఆ హెచ్చరికయు తెలుపునే గాని వ్యయము నాపదు. చెల్లింపు పద్ధతి నెన్నుకొని, యంత్రమును నడువనిచ్చి మఱచినవానికి, ఉచితపు మొత్తము తీఱినపిదప బిల్లు తప్పదు.

ఇబ్రహీంపట్నము చుట్టును ఇన్ని ఇంజనీరింగు కళాశాలలు గలవే, ఒక్కటియైనను ఈ నాలుగు మాటలను తెలుగున నచ్చొత్తించి మొదటి దినముననే విద్యార్థుల చేతికీయరాదా?