మూడు మునకలకేనా సముద్రం?

ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే పాలకొల్లులో మా ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. పిల్లల్ని తీసుకుని ఈసారి ఏ సముద్రానికి వెళ్దాం అని. ఈ మార్చిలో ఆ చర్చ జరుగుతున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. కాలేజీకి నాలుగు రోజులు సెలవు పెట్టి అమ్మని చూడ్డానికి వెళ్లాను.

హాల్లో తమ్ముడు, బాబాయి, మేనల్లుడు ఫోన్‌లో మ్యాపు పెట్టుకుని కూచున్నారు. పేరుపాలెం గంటలో వెళ్లిపోవచ్చు కానీ చూసి చూసి విసుగొచ్చింది. అంతర్వేది అంటే నరసాపురం రేవులో పంటు మీదకి కారు ఎక్కించి గోదావరి దాటాలి. బాపట్ల దగ్గర సూర్యలంక బావుంటుందిట. విశాఖ వెళ్లి ఋషికొండ చూడాలంటే రెండు రాత్రులు ఉండాలి. రోడ్డెలా ఉంది, కారెక్కడ పెట్టాలి, రొయ్యల వేపుడు ఎక్కడ బాగా చేస్తారు... గంటన్నర మాట్లాడుకున్నారు.

ఆ గంటన్నరా మా మరదలు వంటింట్లోనే ఉంది. రెండుసార్లు హాల్లోకొచ్చింది. ఒకసారి టీలు ఇవ్వడానికి, ఒకసారి గ్లాసులు తియ్యడానికి. తమ్ముణ్ణి పూర్తిగా తప్పు పట్టలేను, “నువ్వేమంటావు?” అని అడిగాడు కూడా. “మీ ఇష్టమండి, ఎక్కడికెళ్లినా ఒకటేగా” అంది.

నాకు మనసొప్పక వంటింట్లోకి వెళ్లి అడిగాను, అదేంటమ్మా అలా అన్నావూ అని. “ఒకటి కాకపోతే ఏంటి వదినగారూ! పొద్దున్నే లేచి పులిహోర కలపాలి, పెరుగన్నం కట్టాలి, అందరి బట్టలూ సర్దాలి. అక్కడ ఒడ్డున కూచుని చెప్పులూ ఫోన్లూ కాపలా కాయాలి. ఇంటికొచ్చాక ఇసక బట్టలు జాడించాలి. ఏ సముద్రమైతే నాకేంటి?” అని నవ్వింది.

అదే రాత్రి అమెరికా నుంచి చిన్నతమ్ముడి భార్య ఫోన్ చేసింది. వాళ్లుండేది డాలస్‌లో. అక్కడ మార్చిలో బడులకి వారం రోజులు సెలవులిస్తారు, స్ప్రింగ్ బ్రేక్ అంటారు. చలికాలమంతా ఇళ్లల్లో ముడుచుకున్న జనం వెచ్చటి సముద్రం వెతుక్కుంటూ ఫ్లోరిడాకో, మెక్సికోలోని కాన్‌కూన్‌కో పోతారు. వీళ్లూ కాన్‌కూన్ వెళ్తున్నారు. ఆ అమ్మాయి ఉద్యోగం చేస్తుంది, కారు నడుపుతుంది, టికెట్లు బుక్ చేసింది కూడా తనే. నాకు సంతోషం వేసింది. అంతలోనే అంది, “సూట్‌కేసులో ముందు రైస్ కుక్కర్ పెట్టేశానండి వదినగారూ. రెండోరోజుకే పిల్లలు అన్నం అంటారు. ఈయన పప్పు లేకుండా ఉండలేరు కదా.”

పద్నాలుగు వేల కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న ఇద్దరు తోడికోడళ్లు ఒకే మాట చెప్పారు. పెరిగింది కుక్కర్ ఖరీదు మాత్రమే.

మన కుటుంబాల్లో విహారయాత్ర అంటే ఇంటిచాకిరీని మూట కట్టి ఇంకో ఊళ్లో విప్పడం. ఎవరికి విహారం, ఎవరికి చాకిరీ అన్న ప్రశ్న వేస్తే మాత్రం సరదా చెడగొట్టినవాళ్లం అవుతాం. ఏ తీరం వెచ్చగా ఉంటుంది, ఏ తీరం శుభ్రంగా ఉంటుంది అని ఇంత వాదించుకునేవాళ్లు, ఆ నీళ్లల్లోకి మన ఇంటి ఆడవాళ్లు దిగుతారా అన్న ఒక్క ప్రశ్న ఎందుకు వేసుకోరు?

ఈ మాట అంటే మూడు జవాబులు వస్తాయి. ఒకటి, “వాళ్లే బయట తిండి వద్దంటారు.” రెండు, “వండి పెట్టడం వాళ్లకి సరదా.” మూడు, “ఇంట్లో ఖాళీగా కూచునే బదులు అదీ ఒక మార్పే కదా.” ఈ మూడో జవాబు వినగానే నాకు మా అమ్మ లేసు సూది గుర్తొస్తుంది.

నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో లేసు అల్లని ఇల్లు ఒకప్పుడు అరుదు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది. మా అమ్మ అరుగు మీద కూచుని ఇరవై ఏళ్లకి పైగా లేసు అల్లింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్లేవాడు, అల్లింది పట్టుకుపోయేవాడు, చేతిలో ఏవో చిల్లర డబ్బులు పెట్టేవాడు. ఆ లేసులు విదేశాల్లో బల్లల మీదకి వెళ్లేవి. జర్మన్ స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ ఊళ్లకి వచ్చి, ఈ స్త్రీలతో మాట్లాడి 1982లో నరసాపురం లేసు కార్మికుల మీద పుస్తకం తెచ్చింది. ఇంటిపనంతా చేసుకుంటూనే రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీలకి వ్యవసాయ కూలీ స్త్రీలకొచ్చేపాటి డబ్బు కూడా రావడం లేదని చెప్పింది. అంత తక్కువ ఎలా ఇవ్వగలిగారు? వీళ్లు కార్మికులు కారు, గృహిణులు, ఖాళీ సమయంలో ఏదో అల్లుకుంటున్నారు అని చెప్పి. గోషాలో ఉండే కాపు స్త్రీలు కూడా పొలం పనికి వెళ్లే దళిత స్త్రీల కంటే తాము పైమెట్టు మీద ఉన్నామనుకుంటూ వాళ్లకంటే తక్కువ డబ్బుకి పనిచేశారు. స్త్రీ శ్రమని ‘గృహిణీకరణ’ చేయడం అన్న ఆమె ఆలోచన ప్రపంచమంతా స్త్రీవాదుల చర్చల్లోకి వెళ్లింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మకి ఇప్పుడు చూపు మందగించింది.

మనకి సంబంధించిన విషయం ఇందులో ఒకటుంది. ఇక్కడ ఎనిమిది గంటల పనికి ‘తీరిక’ అని పేరు పెట్టారు. ఇప్పుడు బీచ్ దగ్గర ఒకరోజు పనికి ‘విహారం’ అని పేరు పెడుతున్నారు. పని పేరు మార్చేస్తే చేసినవాళ్లు అలిసిపోయామని చెప్పుకోడానికి కూడా వీలుండదు. మా మరదలు ఆ సాయంత్రం బీచ్ నుంచి వచ్చి “నడుము నొప్పి” అంటే, “రోజంతా కూచునే ఉన్నావు కదా” అంటారు!

పోనీ నీళ్లల్లోకి దిగే హక్కు మనకి అసలు లేదా అంటే, ఉంది. మాఘపౌర్ణమికి ఉంది, కార్తీకమాసంలో ఉంది. పుణ్యానికైతే ఎంత ముసలమ్మయినా నడిసముద్రంలోకి వెళ్లొచ్చు. మూడు మునకలు వెయ్యాలి, వచ్చెయ్యాలి. నాకు ఊహ తెలిశాక అమ్మ సముద్రంలో ఉన్న సమయమంతా కూడితే గంట కూడా కాదు. సముద్రానికి గంట దూరంలో డెబ్బై నాలుగేళ్లు బతికిన మనిషి! భక్తికి తడిసిన చీరని ఎవరూ తప్పు పట్టరు. ఆనందానికి తడిసిన చీరని నలుగురూ చూస్తారు, ఇప్పుడైతే ఫోన్లలో వీడియోలు కూడా తీస్తారు.

ఇక ఈత. కాలవల మధ్య పుట్టిన పిల్లలం మేం. మా తమ్ముళ్లిద్దరూ ఎండు కొబ్బరికాయలు నడుముకి కట్టుకుని కాలవలో ఈత నేర్చుకున్నారు. నేను గట్టు మీద వాళ్ల చొక్కాలు పట్టుకుని నిలబడ్డాను. ఆడపిల్లకి ఈతెందుకు అన్నారు. ఎందుకో 2004 డిసెంబర్ 26న తెలిసింది. సునామీ తర్వాత 2005లో ఆక్స్‌ఫామ్ సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం తమిళనాడులోని కడలూరు జిల్లాలో చనిపోయిన మగవాళ్లు 146 మంది అయితే ఆడవాళ్లు 391 మంది. ఈత రాకపోవడం, చెట్లు ఎక్కడం రాకపోవడం, పిల్లల్ని వదిలి పరిగెత్తలేకపోవడం కారణాల్లో కొన్ని. నీళ్లంటే సరదా పడడం నేర్పకపోతే నీళ్లనుంచి బతికి బయటపడడం కూడా రాదు. “అలలు లోపలికి లాగేస్తాయి, మీరు ఒడ్డునే ఉండండి” అని మన మీద జాలి పడేవాళ్లు, ఆడపిల్లకి ఈత నేర్పించే పని మాత్రం పెట్టుకోరు.

ఇంకో సంగతి చెప్పుకోడానికి సిగ్గుపడకూడదు. సముద్రానికి వెళ్లే రోజు మనలో ఎంతమంది పొద్దుటినుంచీ మంచినీళ్లు తాగడం మానేస్తాం? అక్కడ మరుగుదొడ్డి ఎలా ఉంటుందో, అసలు ఉంటుందో లేదో అని. మార్చి ఎండలో ఆరు గంటలు గొంతు తడుపుకోకుండా కూచోవడం ఏ విహారం? తడి బట్టలు మార్చుకోడానికి నలుగురు ఆడవాళ్లు దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడడం మనందరికీ తెలిసిందే. ఋషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రమైన నీళ్లతోబాటు మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, ప్రాణరక్షకులు ఉంటేనే ఇచ్చే గుర్తింపు అది. నిర్వహణ సరిగా లేదని 2025లో కొద్దిరోజులు పోయి, మళ్లీ వచ్చింది. అవి ఉండడం విశేషం అయిపోయింది మనకి. తీరప్రాంత అభివృద్ధి అంటే సెల్ఫీల కోసం పెద్ద పెద్ద అక్షరాలు నిలబెట్టడం అనుకునేవాళ్లని ఒక తలుపు, ఒక గడియ, ఒక కుళాయి అడగాలి.

మనల్ని మనం కూడా అడుక్కోవాలి. రచయిత్రులం, అధ్యాపకులం మనలో మనం కలిసి సముద్రాలకీ కొండలకీ వెళ్తున్నాం. తిరిగొచ్చి స్వేచ్ఛ గురించి రాస్తున్నాం. మంచిదే, నేనూ రాశాను. కానీ మా మరదలి లాంటి వాళ్లకి ఏడాదికి ఒక్కసారి దొరికేది కుటుంబంతో వెళ్లే ఆ ఒక్క ప్రయాణమే. దాన్ని చాదస్తమని వదిలేసి మన దారి మనం చూసుకుంటే ఎలా? ఇంకొన్ని ఇళ్లల్లో పిల్లల్ని చూసుకోడానికి పనమ్మాయిని వెంట తీసుకెళ్తారు. అప్పుడు ఇల్లాలు నీళ్లల్లోకి దిగుతుంది, ఒడ్డున చెప్పులకి కాపలా ఆ పిల్ల. ఇదా మనం కోరుకున్నది? అదే ఒడ్డున ఎండుచేపలు ఆరబెట్టుకుంటున్న మత్స్యకార స్త్రీని చూసి ముక్కు మూసుకునేదీ మనమే. ఆమె పనిచేసుకునే చోటు అది, అక్కడికి వచ్చిన చుట్టాలం మనం.

మర్నాడు పొద్దున్న హాల్లో నేను చెప్పేశాను. ఏ తీరమైనా సరే, మూడు షరతులు. ఇంటినుంచి అన్నం మూటలు రావు. తీరం దగ్గర ఒక్క పూటకైనా గది తీసుకోవాలి, దానికి నీళ్లొచ్చే బాత్రూం ఉండాలి. చెప్పుల కాపలా వంతులవారీగా, మొదటి వంతు తమ్ముడిది. “పులిహోర లేకుండా బీచ్ ఏంటక్కా?” అన్నాడు వాడు. అందరికంటే గట్టిగా అడ్డుపడింది అమ్మ. “బయట నూనెలు పిల్లలకి పడవే” అంది. పితృస్వామ్యం హాల్లోనే కూచుంటుందని అనుకుంటాం, వంటింట్లో కూడా దానికి ఒక పీట ఉంది. అమ్మతో వాదించడమే నాకు కష్టమైంది.

చివరికి చూసి చూసి విసుగొచ్చిన పేరుపాలెమే వెళ్లాం. మరదలు గది తాళం తన కొంగుకి కట్టుకుని, మోకాళ్లలోతు దాటి, నడుములోతు దాకా పిల్లలతో వెళ్లింది. తమ్ముడు వంతు మధ్యలో రెండుసార్లు లేచిపోబోయాడు. మేనల్లుడు కూచోబెట్టాడు.

అమ్మ నా చెయ్యి పట్టుకుని నీళ్లల్లోకి దిగింది. అలవాటుగా దణ్ణం పెట్టుకుని మూడు మునకలు వేసి వెనక్కి తిరిగింది. “ఇంకాసేపు ఉండమ్మా” అన్నాను.

“ఎందుకే?” అంది. నిజంగానే అర్థంకాక అడిగింది.

“ఊరికే” అన్నాను.

కాసేపు నా మొహం చూసింది. తర్వాత అక్కడే, అలలు వచ్చి తగిలే చోట, చీర తడుస్తుందని చూసుకోకుండా కూచుంది. పావుగంట పైనే కూచుంది.

ఆ ‘ఊరికే’ కోసమే నా గొడవంతా. మన ఇళ్లల్లో మగవాళ్లు ఊరికే నిద్రపోతారు, ఊరికే తిరిగొస్తారు, ఊరికే అలల్లో దూకుతారు, ఎవరూ కారణం అడగరు. వచ్చే సెలవుల్లో మీ ఇంట్లో మ్యాపు తెరుస్తారు కదా. అప్పుడు వంటింట్లోంచి హాల్లోకి రండి. ఏ తీరం అని తర్వాత చూద్దాం, ముందు ఆ రోజు ఎవరు వండరు, ఎవరు ఈదుతారు, ఎవరు కాపలా కాస్తారు అని అడగండి. జవాబు వచ్చేదాకా టీలు పెట్టకండి.