వండిన మనిషికీ వేడి ముక్క

చేపల వేపుడు చేసిన రోజు ఇంట్లో ఆఖరున తినేది ఎవరో చెప్పక్కర్లేదు. పెనం దగ్గర నిలబడి ఒక్కో వాయీ తీసి వడ్డించేసరికి, మనకి మిగిలేది చల్లారిన తోక ముక్క.

ఎయిర్ ఫ్రైయర్ కొంటే నూనె తగ్గుతుందని అందరూ అంటారు. నాకు మాత్రం దాని ముందు నిలబడక్కర్లేకపోవడమే పెద్ద లాభం అనిపిస్తుంది.

వంజరం ముక్కలకి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం, రెండు చెంచాల నూనె పట్టించి పావుగంట ఉంచండి. ఈలోగా క్యారెట్, బీన్స్, కాలీఫ్లవర్ చెంచాడు నూనెతో కలిపి 180 డిగ్రీల్లో 10 నిమిషాలు పెట్టండి. తర్వాత చేప ముక్కలు 12 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పితే చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చకండి. వేడిగాలి చుట్టూ తిరగకపోతే అవి వేగవు, ఉడుకుతాయి.

పెనం మీది కరకర రాదంటారు. నిజమే. బుట్టలో నాలుగైదు ముక్కలే పడతాయి, అదీ నిజమే. కానీ రెండో వాయి దానంతటదే వేగుతుంటే మనమూ అందరితో కంచం ముందు కూర్చోవచ్చు. వండిన మనిషి వేళకి, వేడిగా తినడం కూడా ఇంటి ఆరోగ్యమే కదా!