వాల్వా? ట్రాన్సిస్టరా? – గిటార్ యాంప్లిఫయర్ కొనే ముందు ఒక మాట

హాస్టల్ వార్షికోత్సవం అంటే ఒకప్పుడు డప్పు, కోలాటం, ఏకపాత్రాభినయం, దేశభక్తి గేయాలు. ఇప్పుడు వాటి సరసన గిటార్ కూడా చేరింది. ఆదివారం చర్చిలో పాటలకు గిటార్ వాయించే తమ్ముళ్లు మనలో ఉన్నారు. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో వాయించి ఇంటికి నాలుగు రూపాయలు పంపే పూర్వ విద్యార్థులూ ఉన్నారు. తలా కొంత వేసుకుని గిటార్ ప్రాసెసర్ కొన్నాక అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. దాని వెనక వాల్వు పవర్ యాంప్లిఫయర్ పెట్టాలా, ట్రాన్సిస్టర్‌ది పెట్టాలా?

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మన కరెంటుకు, మన వాతావరణానికి, మన జేబులకు ట్రాన్సిస్టర్‌దే సరైనది. "వాల్వు లేకపోతే అది గిటారే కాదు" అనే మాట విని మన పిల్లలు అప్పుల పాలు కాకూడదనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

కరెంటుతో పలికే తీగ వాద్యం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. మాండొలిన్ తీగ మీటగానే నాదం త్వరగా ఆరిపోతుంది. గమకం పలకాలంటే నాదం నిలవాలి. అందుకే ఆయన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకుని, దానిపై కర్ణాటక సంగీతాన్ని ప్రపంచానికి వినిపించారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014లో కన్నుమూశారు. వాద్యానికి ఏమి కావాలో తెలుసుకుని పరికరాన్ని ఎంచుకోవాలన్నది ఆయన దగ్గర మనం నేర్చుకోవలసిన పాఠం.

ఇక అసలు విషయం. ఇంటర్ ఫిజిక్సు చదివిన వారికి ట్రాన్సిస్టర్ సంగతి తెలిసిందే. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో అది పుట్టింది. అంతకు ముందు రేడియో అయినా, మైకు సెట్ అయినా గాజు బుడ్డిలాంటి వాల్వులతోనే నడిచేది. రాక్ సంగీతపు గిటార్ ధ్వని ఆ వాల్వుల నుంచే వచ్చింది. వాల్వును దాని శక్తికి మించి తోస్తే శబ్దం ఒక్కసారిగా పగలదు, మెల్లగా నలిగి తియ్యగా గరగరలాడుతుంది. ఆ గరగరే గిటారిస్టులకు ప్రాణం. అయితే ట్రాన్సిస్టర్‌తో మంచి ధ్వని రాదనుకోవడమూ పొరపాటే. 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120 పూర్తిగా ట్రాన్సిస్టర్లదే. దాని స్వచ్ఛమైన ధ్వనిని ప్రపంచమంతా మెచ్చుకుంది.

తర్వాత వచ్చినవి ప్రాసెసర్లు. 1998లో లైన్ 6 కంపెనీ పాడ్, 2006లో ఫ్రాక్టల్ యాక్స్-ఎఫ్ఎక్స్, 2011లో కెంపర్ వచ్చాయి. ఇవన్నీ చేసే పని ఒకటే. ఫలానా యాంప్లిఫయర్ ఎలా పలుకుతుందో లెక్కగట్టి, వాల్వుల గరగర, సౌండ్ బాక్సు గుణం, మైకు గుణం అన్నీ కలిపి చేతికిస్తాయి. అంటే వాల్వు గుణం ప్రాసెసర్‌లోనే వచ్చేసింది. దాని వెనక మళ్లీ వాల్వు పవర్ యాంప్లిఫయర్ పెడితే కూరలో వేసిన ఉప్పే మళ్లీ వేసినట్టు. ఒక రకం ధ్వని మాత్రమే కావాలనుకునే వారికి అది బాగుండవచ్చు. చర్చిలో ఒక పాటకు, పెళ్లిలో ఒక పాటకు, జాతరలో ఒక పాటకు ధ్వని మార్చుకోవలసిన మనకు, వచ్చినదాన్ని వచ్చినట్టు పెద్దది చేసి వినిపించే యాంప్లిఫయరే కావాలి.

వాల్వు పక్షాన చెప్పవలసిన మాట ఒకటుంది. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్ అన్ని స్వరాల దగ్గరా ఎనిమిది ఓమ్‌లు ఉండదు. కింది స్వరాల్లో ఒకచోట, పై స్వరాల్లోనూ దాని నిరోధం పెరుగుతుంది. వాల్వు యాంప్లిఫయర్ ఆ పెరుగుదలకు లొంగి, అక్కడ శబ్దాన్ని కాస్త పెంచుతుంది. అందువల్ల గిటార్ మన ఛాతీకి తగులుతున్నట్టు ఉంటుంది. ట్రాన్సిస్టర్‌ది అలా లొంగదు, కొందరికి అది చప్పగా అనిపిస్తుంది. ఇది నిజమే. అయితే ప్రాసెసర్‌లోనే బేస్, ట్రెబుల్ కాస్త సవరించుకుంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

ఇప్పుడు మన ఊళ్ల పరిస్థితి చూద్దాం. కొల్లేటి లంక గ్రామాల్లో కార్యక్రమం అంటే సామాను ఆటోలో ఎక్కించాలి, దించాలి, భుజాన మోయాలి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లున్న వాల్వు యాంప్లిఫయర్ ఇరవై కిలోలు దాటవచ్చు. కొత్తరకం ట్రాన్సిస్టర్‌ది రెండు మూడు కిలోలే, పుస్తకాల సంచిలో పడుతుంది. చెరువుల మీద ఏరేటర్లు తిరిగే వేళ ఓల్టేజీ పడిపోతే వాల్వుకు చిక్కే. వాల్వును వేడి చేసే తీగకు 6.3 ఓల్టులు కావాలి. 230 ఉండవలసిన కరెంటు 180కి దిగితే ఆ తీగకు అందేది ఐదు ఓల్టుల లోపే. కొత్తరకం ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లలో చాలావాటికి 100 నుంచి 240 ఓల్టుల వరకు ఏదైనా ఒకటే. వాల్వులు అరుగుతాయి, మార్చాలి. ఇప్పుడవి ముఖ్యంగా చైనా, రష్యా, స్లొవేకియాల్లోనే తయారవుతున్నాయి. ఏలూరులో రేపటి కార్యక్రమానికి ఈ రాత్రి వాల్వు కావాలంటే ఎవరిస్తారు?

కొనేవారు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు, మూడు డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్లు వాట్లు కావాలి. ట్రాన్సిస్టర్‌ది పరిమితి దాటితే చెవులు గీరుకుపోతాయి. కనుక 50 వాట్ల వాల్వుకు బదులు 150, 200 వాట్లది తీసుకోవడం మంచిది. పెట్టె మీద రాసిన వాట్లు ఎన్ని ఓమ్‌ల దగ్గరో చూడాలి. నాలుగు ఓమ్‌ల దగ్గర 200 అయితే ఎనిమిది ఓమ్‌ల దగ్గర దాదాపు సగమే వస్తుంది. గిటార్ సౌండ్ బాక్సుకు కలిపితే ప్రాసెసర్‌లోని క్యాబినెట్ ధ్వనిని ఆపేయాలి. మామూలు మైకు సెట్ బాక్సులకు కలిపితే ఉంచాలి. ఇప్పటికే ఎవరి దగ్గరైనా గిటార్ యాంప్లిఫయర్ ఉండి, దాని వెనక 'రిటర్న్' అనే రంధ్రం ఉంటే ప్రాసెసర్‌ను అందులో కలిపి చూడండి. అసలు కొత్తది కొనే అవసరమే రాకపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం ప్రాణం. వాల్వు యాంప్లిఫయర్ లోపల నాలుగు వందల ఓల్టులు దాటి ఉండవచ్చు. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది. సరదాకి మూత విప్పే పిల్లలున్న చోట అది ఉండకూడదు. ట్రాన్సిస్టర్‌దైనా ప్రమాదం లేదని కాదు. గిటార్ తీగలు యాంప్లిఫయర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా లేకపోతే, చేయి తీగల మీద ఉండగా పెదవి మైకుకు తగిలినప్పుడు షాక్ కొడుతుంది. గుయ్‌మనే శబ్దం పోవడానికి ఎర్త్ పిన్ను పీకేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అది ప్రాణం పోయే పని. మైకుకూ గిటార్‌కూ ఒకే బోర్డు నుంచి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుతో కరెంటు ఇవ్వాలి. ఆ బోర్డుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించాలి.

కాబట్టి మా సూచన ఇది. వాల్వు మోజు మాని ట్రాన్సిస్టర్‌ది కొనండి. మిగిలిన డబ్బుతో మంచి స్పీకరు, ఆర్‌సీసీబీ, గట్టి వైర్లు కొనండి. అవి హాస్టల్ ఉమ్మడి సొత్తుగా ఉండి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి ఎవరైనా వాడుకునేలా ఉండాలి. సాధన మానేసి ధ్వని బాగోలేదంటే అది ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే అవుతుంది. విద్యుత్ పని తెలిసిన పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒకటి. వార్షికోత్సవానికి సన్మానం కోసం వచ్చేముందు, ఒకరోజు ముందుగా వచ్చి స్టేజీ ఎర్త్ పరీక్షించి వెళ్లండి. తమ్ముళ్లు నిర్భయంగా వాయిస్తారు, మనమందరం హాయిగా విందాం.