ఫుల్ హెచ్‌డీ ఫోన్‌కు మూడు వేలు ఎక్కువ.. ఇంటికెళ్లాక కనిపించే తేడా ఎంత?

హైదరాబాద్: దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర మొదలుపెట్టి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా వెళ్తే మెయిన్ రోడ్డు పొడవునా సెల్‌ఫోన్ షాపులు కనిపిస్తాయి. మలక్‌పేట, మూసారాంబాగ్, సైదాబాద్, సరూర్‌నగర్ కుటుంబాలకు ఇవి దగ్గర. నల్గొండ వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లకు ఎల్బీనగర్‌లో దిగగానే పని అయిపోతుంది.

ఈ కౌంటర్ల ముందు బేరం చాలాసార్లు ఒకే చోట ఆగుతుంది. అబ్బా పది వేలు అనుకుని వస్తాడు. కొడుకు చూపు పదమూడు వేల ఫోన్ మీద ఉంటుంది. "ఇది హెచ్‌డీ ప్లస్సే అబ్బా, అది ఫుల్ హెచ్‌డీ. వీడియో క్లియర్‌గా వస్తుంది" అంటాడు. తక్కువైన మూడు వేల కోసం కిస్తీల మాట మొదలవుతుంది.

ఆ మూడు వేలు పెడితే వీడియో నిజంగానే అంత బాగా కనిపిస్తుందా? చాలా ఇళ్లలో కనిపించదు. ఎందుకంటే ఫోన్‌లోకి వచ్చే వీడియో క్వాలిటీని డబ్బా మీద రాసిన మాట కంటే రీచార్జ్, యాప్ ప్లాన్ ఎక్కువగా నిర్ణయిస్తాయి.

అసలు తేడా ఎక్కడ?

స్క్రీన్ మీద బొమ్మంతా చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. హెచ్‌డీ ప్లస్ ఫోన్‌లో అడ్డంగా 720, నిలువుగా సుమారు 1,600 చుక్కలు ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ ప్లస్‌లో 1,080, 2,400. స్క్రీన్ 6.7 అంగుళాలైతే మొదటిదాంట్లో అంగుళానికి సుమారు 262 చుక్కలు, రెండోదాంట్లో 393 వస్తాయి.

వినడానికి పెద్ద తేడాయే. కానీ కంటికీ ఒక హద్దు ఉంది. 2010లో ఐఫోన్ 4 విడుదల చేసినప్పుడు స్టీవ్ జాబ్స్ చెప్పింది ఇదే. పది పన్నెండు అంగుళాల దూరంలో పట్టుకుంటే, అంగుళానికి 300 చుక్కలు దాటాక మనిషి కన్ను వాటిని విడివిడిగా చూడలేదు అన్నాడు. ఫోన్ దూరం జరిగే కొద్దీ ఆ అంకె ఇంకా తగ్గుతుంది. అడుగు కంటే కాస్త ఎక్కువ దూరంలో, అంటే 35 సెంటీమీటర్ల దగ్గర, 250 చుక్కలే సరిపోతాయి. దస్తర్‌ఖాన్ దగ్గర డబ్బాకు ఆనించి పెట్టిన ఫోన్‌లో బయాన్ వినేవాళ్లకు, సీరియల్ చూసేవాళ్లకు రెండు స్క్రీన్ల మధ్య తేడా దాదాపు తెలియదు.

రీచార్జ్ లెక్క

2024 జూలైలో టెలికాం కంపెనీలు రేట్లు పెంచాయి. జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ 239 రూపాయల నుంచి 299కి పెరిగింది. నెలకోసారి కదా అనుకుంటాం కానీ, 28 రోజుల లెక్కన ఏడాదికి 13 సార్లు రీచార్జ్ చేయాలి. అంటే ఒక్క నంబర్‌కు 3,887 రూపాయలు.

నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీ వీడియోకు గంటకు 3 జీబీ దాకా ఖర్చవుతుంది. మామూలు క్వాలిటీకి 1 జీబీ దాకా. అంటే 1.5 జీబీ ప్లాన్ మీద హెచ్‌డీ పెడితే అరగంటలో ఆ రోజు డేటా అయిపోవచ్చు. అందుకే చాలా ఇళ్లలో యూట్యూబ్‌ను డేటా సేవర్‌లో పెడతారు. అలా పెట్టాక ఫోన్ ఖరీదు పదైనా పదమూడైనా వచ్చే వీడియో ఒకటే. అదే 2024 జూలై పెంపుతో జియో అన్‌లిమిటెడ్ 5జీని రోజుకు 2 జీబీ, అంతకు మించిన ప్లాన్లకే పరిమితం చేసింది. అప్పటి ధర 349 ప్రకారం చూసినా ఏడాదికి మరో 650 రూపాయలు పడుతుంది. ఇంట్లో వైఫై ఉన్నవాళ్లకు మాత్రం ఈ ఇబ్బంది లేదు.

యాప్ ప్లాన్ కూడా చూడాలి

నెట్‌ఫ్లిక్స్ 2019లో మన దేశంలో మొబైల్ ప్లాన్ తెచ్చింది. 2021 డిసెంబర్‌లో దాని ధర 149 రూపాయలకు తగ్గించింది. ఆ ప్లాన్‌లో వీడియో 480 దగ్గరే ఆగుతుంది. ఫుల్ హెచ్‌డీ కావాలంటే 499 ప్లాన్ తీసుకోవాలి. 149 ప్లాన్ వాడుతూ ఫుల్ హెచ్‌డీ ఫోన్ కొన్నా అందులో వచ్చేది 480 వీడియోనే.

2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు నెట్‌వర్క్ మీద భారం తగ్గించడానికి పెద్ద వీడియో కంపెనీలన్నీ కలిసి, మొబైల్ డేటా మీద 480 మించకూడదని నిర్ణయించుకున్నాయి. అప్పుడు ఇంట్లో ఎవరైనా బొమ్మ బాగాలేదన్నారా? ఎవరి ఇంటి సంగతి వాళ్లు గుర్తు చేసుకుంటే జవాబు దొరుకుతుంది.

మరో చిక్కు వైడ్‌వైన్. సినిమాలు కాపీ కాకుండా గూగుల్ పెట్టిన తాళం ఇది. ఫోన్‌లో ఎల్1 స్థాయి ఉంటేనే నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో లాంటివి హెచ్‌డీ ఇస్తాయి. ఎల్3 అయితే మామూలు క్వాలిటీయే. 2018లో 20,999 రూపాయలకు వచ్చిన పోకో ఎఫ్1లో ఫుల్ హెచ్‌డీ ప్లస్ స్క్రీన్ ఉంది, ప్రాసెసర్ కూడా ఖరీదైనదే. అయినా ఎల్3తో రావడం వల్ల కొన్నవాళ్లు నెట్‌ఫ్లిక్స్‌లో హెచ్‌డీ చూడలేకపోయారు. 2019లో అప్‌డేట్ వచ్చాకే ఎల్1 అందింది. కాబట్టి ఖరీదు పెట్టినంత మాత్రాన గ్యారంటీ ఏమీ లేదు.

ఎవరికి అవసరం?

దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు కూడా. ఆన్‌లైన్ క్లాసులో బోర్డు మీద సన్న అక్షరాలు, లెక్కల స్టెప్పులు 480లో అలికినట్టు కనిపిస్తాయి. అక్కడ 720 తప్పకుండా కావాలి. అయితే 720 వీడియోను హెచ్‌డీ ప్లస్ ఫోన్ పూర్తిగా చూపించగలదు. దీనికి మార్చాల్సింది వీడియో సెట్టింగ్. ఫోన్‌ను దగ్గరగా పట్టుకుని గంటల తరబడి పీడీఎఫ్ నోట్సు చదివే విద్యార్థికి మాత్రం ఫుల్ హెచ్‌డీ నిజంగా పనికొస్తుంది. అక్షరం అంచులు నున్నగా కనిపిస్తాయి.

సౌదీ, దుబాయ్‌లో ఉన్న భయ్యాకు నిఖా వీడియో పంపేవాళ్లదీ ఇలాంటి సంగతే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే 480కి తగ్గిపోతుంది. 2023 నుంచి ఉన్న హెచ్‌డీ బటన్ నొక్కితే 720లో వెళ్తుంది. దీనికి కొత్త ఫోన్ అక్కర్లేదు.

కిస్తీల్లో దాగిన వడ్డీ

2020 ఏప్రిల్ నుంచి మొబైల్ ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మార్చినప్పుడు పెద్ద టీవీల మీద పన్ను 28 నుంచి 18కి తగ్గింది. ఫోన్ల మీద మాత్రం మారలేదు. అదనంగా పెట్టే మూడు వేలల్లో దాదాపు 458 రూపాయలు పన్నే.

జీరో వడ్డీ అన్న మాటను కూడా ఆలోచించి నమ్మాలి. క్రెడిట్ కార్డుల మీద ఇచ్చే ఇలాంటి స్కీముల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో తీసుకుంటున్నారని, సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే మన కుటుంబాలు సంతకం పెట్టే ముందు ఫీజుతో కలిపి మొత్తం ఎంత కడుతున్నామో కాగితం మీద రాయించుకోవాలి. నగదు ధరకు, దానికి తేడా వస్తే ఆ తేడా ఏమిటో అడగాలి.

షాపులో ఏం చేయాలి?

ముందు ఇంట్లోనే మూడు విషయాలు చూసుకోవాలి. రోజుకు ఎంత డేటా వస్తోంది? డబ్బు కట్టే యాప్ ప్లాన్ ఎంత క్వాలిటీ ఇస్తోంది? ఫోన్ ఎక్కువగా వాడేది చదవడానికా, చూడటానికా?

షాపులో కంపెనీ డెమో వీడియో చూసి మురిసిపోవద్దు. మెరిసే క్వాలిటీలో తీసిన బొమ్మ అది. రెండు ఫోన్లలోనూ యూట్యూబ్ తెరిచి, ఇంట్లో చూసే వీడియోనే, ఇంట్లో పెట్టే సెట్టింగ్‌లోనే చూడాలి. కాస్త దూరంగా పట్టుకుని అమ్మీకి చూపించి ఏది బాగుందో అడగాలి. తేడా తెలియకపోతే పది వేల ఫోనే చాలు. మిగిలిన మూడు వేలు ఒక నంబర్‌కు దాదాపు పది రీచార్జులు.