మారుతి 800కు స్విఫ్ట్ చక్రాలా?

బియ్యం మూట విప్పి నాలుగు గింజలు నోట్లో వేసుకుని చూడనిదే డబ్బులివ్వం మనం. అదే కారు సంగతి వచ్చేసరికి "మగవాళ్ళు చూసుకుంటార్లే" అని వెనక సీట్లో కూర్చుంటాం. ఆ వెనక సీట్లోనే మన ఒళ్ళో పిల్లలుంటారు, పక్కన అత్తమ్మ ఉంటుంది. అందుకే ఈ చక్రాల గొడవ మీకు చెప్పాలనిపించింది.

మాది రామకుప్పం. ఇంట్లో 2006 నాటి మారుతి 800 ఉంది. అత్తమ్మకు షుగర్ చూపించడానికి కుప్పం పోయేది అందులోనే, మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకుంటున్నదీ దాని మీదే. టైర్లు అరిగిపోయాయి. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోన్ చేసి, స్నేహితుడు స్విఫ్ట్‌కు అలాయ్‌లు వేయించుకుని బండితో వచ్చిన 14 అంగుళాల చక్రాలు తీసేశాడనీ, టైర్లతో సహా నాలుగూ ఎనిమిది వేలకే ఇస్తాడనీ చెప్పాడు. "బండి ఎత్తు కూడా పెరుగుతుందమ్మా, స్పీడ్ బ్రేకర్లకు తగలదు" అన్నాడు. మా ఆయన సరేనన్నారు. నేను ఒప్పుకోలేదు.

మీ ఇంటి కారు టైరు మీద కూడా కొన్ని అంకెలుంటాయి, ఒకసారి చూడండి. మా దాని మీద 145/70 ఆర్12 అని ఉంది. టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, లోపలి డిస్కు 12 అంగుళాలు. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. లెక్కేస్తే చక్రం మొత్తం ఎత్తు దాదాపు 508 మిల్లీమీటర్లు వస్తుంది. స్విఫ్ట్ టైరు 165/80 ఆర్14. దాని ఎత్తు దాదాపు 620. అంటే పదకొండు సెంటీమీటర్లు పెద్దది.

స్పీడోమీటర్‌కు ఈ సంగతి తెలీదు కదా! అది చక్రం తిరిగిన చుట్లను బట్టి వేగం చూపిస్తుంది, అదీ చిన్న చక్రం లెక్కతో. ముల్లు 60 దగ్గరుంటే బండి 73 మీద పోతుంటుంది. నేర్చుకునే పిల్ల చేతికి అలాంటి బండి ఇస్తామా? పైగా 800కు పవర్ స్టీరింగ్ లేదు. వెడల్పు టైరు వేస్తే ఇంకా బరువెక్కుతుంది. 796 సీసీ ఇంజనుకు గట్టు ఎక్కడం కష్టమవుతుంది, ఆ చిన్న బ్రేకులు అంత పెద్ద చక్రాన్ని ఆపాలి. మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది.

ఇదంతా అసలు చక్రం ఎక్కితే. అది నేరుగా ఎక్కదు. రెండింటికీ నాలుగేసి నట్లే, చూస్తే ఒకటేనేమో అనిపిస్తుంది. కానీ 800కు ఆ నాలుగు బోల్టులూ 114.3 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటాయి, స్విఫ్ట్‌కు 100 మీద. ఒక్కో రంధ్రం ఏడు మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. అక్కడ మొదలవుతాయి తెలివితేటలు. ఒక షాపాయన "అడాప్టర్ ప్లేటు వేస్తే సరి" అన్నాడట. రంధ్రాలు కొత్తగా తొలిపించుకునేవాళ్ళూ ఉన్నారు. ప్లేటు వేస్తే చక్రం బయటికి జరిగి బేరింగ్ మీద భారం పెరుగుతుంది. తొలిచిన డిస్కు ఎన్నాళ్ళు నిలబడుతుందో తొలిచినవాడు పూచీ ఇస్తాడా?

చట్టం మాటా ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్ళు చక్రాల వైపు వేలు చూపిస్తే మనం ఏం చెప్తాం?

నాకు మాత్రం వీటన్నిటికన్నా పెద్ద దిగులు స్టెప్నీ. నాలుగు చక్రాలూ 14 అయితే డిక్కీలోది 12గానే ఉండిపోతుంది. అత్తమ్మను తీసుకుని రాత్రిపూట కుప్పం నుంచి వస్తుంటే పంక్చరయిందనుకోండి, ఒకవైపు పొట్టి కాలుతో ఇల్లు చేరాలి. ఇది అడిగినప్పుడే మా ఆయన ఆలోచనలో పడ్డారు. అబ్బాయి కూడా ఫోన్లో కాసేపు మాట్లాడలేదు.

అలాగని మార్పే వద్దనను. ఎత్తు కావాలంటే ఆల్టో టైరు ఉంది, 145/80 ఆర్12. మన పాత డిస్కుకే ఎక్కుతుంది, బోల్టుల జోలికి పోనక్కర్లేదు. బండి ఒకటిన్నర సెంటీమీటరు లేస్తుంది. 60 చూపిస్తే 63 మీద పోతుంది, ఆ తేడా గుర్తుపెట్టుకుంటే చాలు. అలాయ్ మోజు ఉన్నవాళ్ళు 12 అంగుళాలవే, 114.3 కొలతవే అడగండి. ఎనిమిది రంధ్రాలతో రెండు కొలతలకూ సరిపోయేవీ బజార్లో ఉంటాయి.

పాతవి కొంటే టైరు పక్కన ఉండే నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అరగకపోయినా, ఏళ్ళు గడిచిన రబ్బరు పగులుతుంది.

మేం ఆల్టో టైర్లు అయిదు తీసుకున్నాం, స్టెప్నీతో కలిపి. స్విఫ్ట్ చక్రాలకన్నా ఖర్చు ఎక్కువే అయింది. బిగించాక నలుగురం ఎక్కి కూర్చున్నాం. మా అమ్మాయి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు రెండు వైపులా తిప్పింది, ఎక్కడా రాసుకోలేదు. మీరూ షాపు దగ్గరే ఇలా తిప్పించి చూడండి, డబ్బులు ఇవ్వకముందే.