చెట్టునకు సెలైను

2018లో మహబూబ్‌నగరము చెంతనున్న పిల్లలమఱ్ఱికి సెలైను సీసాలు వ్రేలాడఁగట్టి చెదలమందు బొట్టుబొట్టుగా నెక్కించిరి. దేశమంతయు వింతగాఁ జెప్పుకొన్నది. మాకు మాత్రము సిగ్గు కలిగినది. ఏడువందల యేండ్లదని ప్రతీతిగాంచిన వృక్షము! లోపల చెదలు తొలుచుచుండఁగా, 2017 డిసెంబరులో పెద్దకొమ్మ కూలిన పిదపఁగాని సందర్శకుల నాపలేదు. వైద్యము చేసినవారిని నిందింపము. కొమ్మలు పట్టుకొని యుయ్యెలలూఁగిన మనమే నిందార్హులము.

కలకత్తా కెదుటనున్న హౌరాలోని బొటానికల్ తోట మఱ్ఱిని జూడుఁడు. 1864, 1867 తుపానులకు దెబ్బతిని, బూజు సోకిన దాని మూలకాండమును 1925లో తొలఁగించిరి. అయినను చెట్టు బ్రదికియున్నది. ఏల? లేత యూడలను వెదురుగొట్టములగుండ నడిపించి నేలకుఁ జేర్చు తోటమాలులు దాని కున్నారు. 1787లో ఆ తోటను వేసినది కుంపిణీవారు, అదియుఁ దమ వర్తకము కొఱకు! నేఁడు కాపాడుచున్నది మనవారే. కావున మనకుఁ జేతఁగాదనుట బొంకు.

మఱి మన పెన్న యొడ్డున? సంగములోఁ గాని నెల్లూరిలోఁ గాని అరుగు కట్టిన పాత రావి యేదైనఁ గనఁబడినచో దాని మొదలు పరిశీలింపుఁడు. భక్తి పేర సిమెంటు పోసి వేళ్లకు నీరు, గాలి సోకనీయము. ఆపైఁ బ్రదక్షిణము చేయుదుము! మానుచుట్టు మీటరు మేర సిమెంటు తొలఁగింపవలెనని జాతీయ హరిత ట్రిబ్యునలు 2013లో ఢిల్లీ యధికారుల కాజ్ఞాపించినది. మన పంచాయతీలు, పురపాలకులు తమకును ఆజ్ఞ వచ్చువఱకుఁ గాచుకొని యుండవలెనా? వేరు తెగకుండ ఆ మీటరు మేర పగులఁగొట్టుటకు ఒక గునపము, రెండు దినముల కూలి చాలును.