ఊరి చరిత్ర ఊరికి చేరాలి

సర్వేకు వచ్చిన దొర పొలిమేరలు కొలుచుకుని పోవడం వింత కాదు. చెరువు తవ్వించిందెవరు, గుడికి మాన్యమిచ్చిందెవరు, ఊరికి ఆ పేరెలా వచ్చింది అని అడిగి రాయించిన దొర మాత్రం అరుదు. కల్నల్ కాలిన్ మెకంజీ అటువంటివాడు. కడప సీమ గ్రామాల కైఫియత్తులు నేటికీ మిగిలాయంటే ఆయన, ఆయన కింద పనిచేసిన తెలుగువారు కారణం.

స్కాట్లండ్‌కు చెందిన లూయిస్ దీవిలో పుట్టిన మెకంజీ 1783లో మద్రాసు చేరి, కంపెనీ సైన్యంలో ఇంజనీరు అయ్యాడు. 1800లో నిజాం వదులుకున్న దత్త మండలాల సర్వే 1809 నుంచి 1815 వరకు ఆయన అజమాయిషీలోనే నడిచింది. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో కలకత్తా సమీపంలో కన్నుమూశాడు. మళ్ళీ సొంత ఊరి ముఖం చూడనే లేదు.

1817లో మిత్రుడు జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో ఆయన తన బతుకంతా చెప్పుకున్నాడు. తొలి పదమూడేళ్ళు సైనిక విధులతోనే గడిచాయని, ఇక్కడి భాషలు తనకు రావని, కావలి వెంకట బొర్రయ్య దొరికాకే ఈ దేశపు విద్యకు ద్వారం తెరుచుకుందని ఒప్పుకున్నాడు. ఏలూరుకు చెందిన ఆ బొర్రయ్య 1803లో పిన్న వయసులోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారం ఎత్తుకున్నాడు.

ఊరూరా తిరిగింది ఈ తెలుగువారే. శిస్తు పెంచడానికో, మాన్యాలు ఊడబెరకడానికో వచ్చారని జనం జంకితే నచ్చజెప్పి, కరణాల కవిలెలు చూసి, శాసనాలకు నకళ్ళు తీశారు. దొర పోయాక ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, 1830లలో కలకత్తా పండిత సభ అందుకు ఒప్పుకోలేదు. దేశీయుడికి అంత శక్తి లేదన్నారు. శిథిలమవుతున్న కాగితాలకు తరువాత బ్రౌన్ దొర నకళ్ళు రాయించాడు.

కైఫియత్తులో ప్రతి మాటా చరిత్ర కాదు. మాన్యం నిలుపుకోవడానికి చెప్పిన మాటలూ, పుక్కిటి పురాణాలూ అందులో ఉన్నాయి. అయినా ఏ రాజుల చరిత్రలోనూ కనిపించని మన చెరువులు, కరువులు, వలసలు అక్కడ దొరుకుతాయి. 1984లో కరణీకాలు రద్దయ్యాక అటకలెక్కిన పాత కవిలెలు ఎన్ని చెదలపాలయ్యాయో లెక్కలేదు. ఉన్న ఆధారాన్నయినా కాపాడుకోవాలి.

కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఈ కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. అవి పరిశోధకుల బీరువాల్లో ఉంటే చాలదు. ఏ ఊరి కైఫియత్తు ఆ ఊరి పంచాయతీ కార్యాలయంలో, బడిలో ఉండాలి. నాలుగు పుటల నకలుకు పెద్ద ఖర్చు కాదు. పంచాయతీలు తీర్మానం చేయాలి, ఉపాధ్యాయులు పిల్లల చేత చదివించాలి. ఆ చెరువు ఇప్పుడుందా, ఆ శాసనం రాయి ఎక్కడుందని పిల్లలు వెతికిననాడే బొర్రయ్య, లక్ష్మయ్యల శ్రమకు తగిన ఫలితం.